స్పానిష్‌లో 'సబ్‌జంక్టివ్' కష్టమా? ఇంట్లో తెలుగు ఉంటే సగం వచ్చినట్టే

మెక్సికోలో ఏటా సెప్టెంబరు 15 రాత్రి దేశాధ్యక్షులు రాజధానిలోని జాతీయ భవనం మేడ మీదికి వచ్చి, గంట మోగించి, "బీవా మెహికో!" అని నినదిస్తారు. కింద చౌకులో నిండిన జనం "బీవా!" అని బదులిస్తారు. 1810లో మొదలైన స్వాతంత్ర్య పోరాటాన్ని తలచుకునే వేడుక ఇది. ఆ నినాదాన్ని మన భాషలో చెప్పాలంటే ఒక్క క్షణం కూడా ఆలోచించనక్కర్లేదు. "మెక్సికో వర్ధిల్లాలి!"

గమనించారా, మనం "వర్ధిల్లుతోంది" అనలేదు, "వర్ధిల్లాలి" అన్నాం. స్పానిష్ వాళ్లు కూడా అదే పని చేశారు. "బీవే" అంటే "జీవిస్తోంది". "బీవా" అంటే "జీవించాలి". చివర ఒక్క అచ్చు మారింది, జరుగుతున్న సంగతి కాస్తా కోరికగా మారిపోయింది. స్పానిష్ వ్యాకరణంలో ఈ రెండో రూపం పేరే సబ్‌జంక్టివ్. వర్తమాన కాలంలో దాన్ని ఎలా చెయ్యాలి, ఎక్కడ వాడాలి అన్నదే ఈ వ్యాసం.

బెంగళూరు, చెన్నై, పుణె వంటి నగరాల్లో ఉన్న మన ఇళ్లలో బడిలోనో, కాలేజీలోనో, ఆన్‌లైన్‌లోనో స్పానిష్ నేర్చుకుంటున్న పిల్లలున్నారు. సుమారు 20 దేశాల్లో చెలామణీ అయ్యే భాష కాబట్టి చదువుకీ ఉద్యోగానికీ పనికొస్తుందన్న ఆశ. మొదటి ఏడాది హాయిగా సాగుతుంది. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. కారణం పిల్లల తెలివి కాదు. పాఠాన్ని వాళ్లు ఇంగ్లీషు మీదుగా దాటాలని చూడటం. ఇంగ్లీషులో ఈ రూపం దాదాపు అరిగిపోయింది. మన తెలుగులోనేమో ఈ భావాలకు ప్రత్యేకమైన క్రియారూపాలు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. "ఇంట్లో మాట్లాడే తెలుగు బయట దేనికి పనికొస్తుంది?" అని అడిగే పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

అసలు సంగతి ఏమిటి?

తెలుగు మాధ్యమంలో చదివినవారికి వాక్య భేదాలు గుర్తుండే ఉంటాయి. విధ్యర్థకం (చెయ్యి), ప్రార్థనార్థకం (దయచేసి కూర్చోండి), ఆశీరర్థకం (నిండు నూరేళ్లు బతుకు), నిషేధార్థకం (వెళ్లకు), సందేహార్థకం (వస్తాడో రాడో). వీటిలో ఏ ఒక్కటీ జరిగిన సంగతిని చెప్పదు. ఒకరి మనసులో ఉన్న కోరికనో, ఆజ్ఞనో, అనుమానాన్నో చెబుతుంది.

మనం వీటికి వేరు వేరు ప్రత్యయాలు వాడతాం: ఆలి, దాం, అమని, ఏమో, గాక. స్పానిష్ మాత్రం దాదాపు వీటన్నిటినీ ఒకే క్రియారూపంలో సర్దేస్తుంది. కాబట్టి మన పిల్లలు కొత్తగా నేర్చుకోవాల్సింది భావాన్ని కాదు, ఆ ఒక్క రూపాన్ని.

రూపం ఎలా చెయ్యాలి?

స్పానిష్ క్రియలు మూడు రకాలు. 'ఆర్'తో ముగిసేవి, 'ఎర్'తో ముగిసేవి, 'ఈర్'తో ముగిసేవి. ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ తీసుకుందాం: ఆబ్లార్ (మాట్లాడు), కోమెర్ (తిను), బివీర్ (జీవించు, నివసించు). ఆబ్లార్ స్పెల్లింగులో ముందు 'హెచ్' ఉంటుంది కానీ దాన్ని పలకరు.

మూడు అడుగుల్లో పని పూర్తవుతుంది.

ఒకటి: "నేను" రూపం తీసుకోండి. ఆబ్లో (మాట్లాడతాను), కోమో (తింటాను), బీవో (జీవిస్తాను).

రెండు: చివరి 'ఓ' తీసేయండి. ఆబ్ల్, కోమ్, బీవ్ మిగులుతాయి.

మూడు: అచ్చు తారుమారు చెయ్యండి. మామూలుగా 'ఆ' పలికే ఆర్ క్రియలకు 'ఎ' తగిలించండి. మామూలుగా 'ఎ' పలికే ఎర్, ఈర్ క్రియలకు 'ఆ' తగిలించండి.

ఆబ్లార్:
• నేను: ఆబ్లె
• నువ్వు: ఆబ్లెస్
• అతను, ఆమె, మీరు (గౌరవంగా ఒకరిని): ఆబ్లె
• మేము, మనం: ఆబ్లెమోస్
• మీరు (చనువున్న పలువురు, స్పెయిన్‌లో): ఆబ్లెయిస్
• వాళ్లు, మీరు (పలువురు): ఆబ్లెన్

కోమెర్ (అదే వరసలో): కోమా, కోమాస్, కోమా, కోమామోస్, కోమాయిస్, కోమాన్.

బివీర్: బీవా, బీవాస్, బీవా, బివామోస్, బివాయిస్, బీవాన్.

మామూలు వర్తమానంలో "మేము" దగ్గర ఎర్, ఈర్ క్రియలు విడిపోతాయి (కోమెమోస్, బివీమోస్). సబ్‌జంక్టివ్‌లో ఆ తేడా కూడా ఉండదు, రెండింటికీ 'ఆమోస్' ఒక్కటే. అంటే ఈ పాఠంలో కంఠస్థం చెయ్యాల్సిన వరసలు రెండే. 'ఎ' వరస ఒకటి, 'ఆ' వరస ఒకటి.

"నేను", "అతను" రూపాలు రెండూ ఒకేలా ఉన్నాయని కంగారు పడొద్దు. మాట సందర్భం చెబుతుంది. అవసరమైతే ముందు 'యో' (నేను), 'ఎల్' (అతను), 'ఎయా' (ఆమె) చేరుస్తారు.

లాటిన్ అమెరికా దేశాల్లో "ఆబ్లెయిస్" రూపం మాటల్లో వినిపించదు. అక్కడ పలువురిని ఉద్దేశించి "ఆబ్లెన్" అనే అంటారు.

అక్షరం మారుతుంది, శబ్దం మారదు

ఇక్కడ మన లిపి ఒక మేలు చేస్తుంది. పాగార్ (డబ్బు చెల్లించు), బుస్కార్ (వెతుకు), యెగార్ (చేరు, వచ్చు) అనే క్రియలు సబ్‌జంక్టివ్‌లో రాసినప్పుడు స్పెల్లింగు మారుతుంది. పిల్లలు వీటిని నియమం తప్పిన క్రియలని భయపడతారు. తెలుగులో రాసి చూపించండి: పాగె, బుస్కె, యెగె. అంతా నియమం ప్రకారమే ఉంది.

జరిగేది ఇది. రోమన్ లిపిలో 'జి' అక్షరం పక్కన 'ఇ' అక్షరం వస్తే స్పానిష్‌లో దాన్ని 'గె' అని పలకరు, గొంతులోంచి వచ్చే 'హె' లాగా పలుకుతారు. 'గ' శబ్దం నిలవాలంటే మధ్యలో 'యు' అక్షరం ఇరికించాలి. అలాగే 'సి' అక్షరం పక్కన 'ఇ' వస్తే 'కె' శబ్దం పోతుంది. అందుకే 'సి' తీసేసి 'క్యు, యు' రాస్తారు. శబ్దాన్ని కాపాడటానికే అక్షరం మారింది. మన గుణింతంలో క, కా, కి, కె అన్నిటికీ 'క' ఒక్కటే కాబట్టి మనకు ఈ బాధ లేదు. పిల్లలు ముందు నోటితో పలికి, తర్వాత స్పెల్లింగు సరిచూసుకుంటే ఈ తప్పు రాదు.

ఎక్కడ వాడాలి? తెలుగు గుర్తులు ఇవీ

*1. "...ఆలని": ఒకరు ఇంకొకరి గురించి కోరడం*

"నువ్వు చదవాలని నా కోరిక" అనేదాన్ని స్పానిష్‌లో "కియెరో కె ఎస్తూదియెస్" అంటారు. కియెరో అంటే కోరుకుంటున్నాను. ఎస్తూదియెస్ అంటే నువ్వు చదవాలి. మధ్యలో ఉన్న 'కె' మన 'అని' చేసే పని చేస్తుంది. తేడా ఒక్కటే, మన 'అని' వాక్యం చివర వస్తుంది, వాళ్ల 'కె' ముందు వస్తుంది.

ఇంగ్లీషులో "ఐ వాంట్ యూ టు స్టడీ" అంటారు. ఆ కట్టుబాటునే మనసులో పెట్టుకున్న పిల్లలు స్పానిష్‌లోనూ 'కె' వదిలేసి తప్పు రాస్తారు. "నువ్వు చదవాలని" అని మొదలుపెట్టినవారికి ఆ తప్పు రానే రాదు. కొన్ని ఇళ్లలో "చదవాలి" అనరు, "చదవాల" అంటారు. ఏదైనా ఫరవాలేదు, రెండూ ఇదే రూపానికి దారి చూపిస్తాయి.

అవసరాన్ని చెప్పేటప్పుడూ ఇదే. "మనం పని చెయ్యడం అవసరం" అంటే "ఎస్ నెసెసారియో కె త్రాబాహెమోస్".

*2. "...అమని": చెప్పి చేయించడం*

ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి.

"అతను మాట్లాడతాడని చెబుతున్నాను": దీగో కె ఆబ్లా.
"అతన్ని మాట్లాడమని చెబుతున్నాను": లె దీగో కె ఆబ్లె.

మొదటిది సమాచారం, రెండోది పురమాయింపు. స్పానిష్‌లో ఈ రెండింటినీ వేరు చేసే అసలు గుర్తు క్రియ చివరి అచ్చు. మనం "మాట్లాడతాడని", "మాట్లాడమని" అనే తేడాను పసితనం నుంచీ పొరబాటు లేకుండా పాటిస్తున్నాం. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చుకోవాలి.

*3. "...దాం", "...అండి", "...అకు"*

"మాట్లాడదాం" అంటే ఆబ్లెమోస్. "తిందాం" అంటే కోమామోస్. ఇంత సూటిగా కుదిరే జోడీ ఇంకొకటి లేదు.

గౌరవ వాచకమూ అంతే. ఇంగ్లీషులో చిన్నాపెద్దా అందరికీ 'యూ' ఒక్కటే. స్పానిష్‌లో మనలాగే నువ్వు (తూ), మీరు (ఉస్తెద్) వేరు. మీరు అని గౌరవించి ఏదైనా చెయ్యమన్నప్పుడు సబ్‌జంక్టివ్ రూపమే వాడాలి. "మాట్లాడండి" అంటే ఆబ్లె. "ఇక్కడ సంతకం చెయ్యండి" అంటే "ఫిర్మె ఆకీ". "లోపలికి రండి" అంటే "పాసె". పెద్దవాళ్లతో "పాసా" అంటే "లోపలికి రా" అన్నట్టే.

వద్దని చెప్పేటప్పుడు నువ్వు అనేవాళ్లతో కూడా ఇదే రూపం. "మాట్లాడు" అంటే ఆబ్లా, కానీ "మాట్లాడకు" అంటే "నో ఆబ్లెస్".

*4. "...ఏమో", "...అనుకోను": సందేహం*

"ఇవాళ వస్తాడేమో" అంటే "కిసాస్ యెగె ఓయ్". "ఇవాళ వస్తాడనుకోను" అంటే "నో క్రెయో కె యెగె ఓయ్". అదే "వస్తాడనుకుంటున్నాను" అని నమ్మకంగా చెబితే మామూలు రూపం వస్తుంది: "క్రెయో కె యెగా ఓయ్". నమ్మకానికి 'యెగా', అపనమ్మకానికి 'యెగె'.

*5. "ఎవరైనా", "ఏదైనా": ఉన్నారో లేరో తెలియనప్పుడు*

"స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారా అని వెతుకుతున్నాను" అన్నప్పుడు ఆ మనిషి దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. కాబట్టి "బుస్కో ఉనా పెర్సోనా కె ఆబ్లె ఎస్పాన్యోల్". అదే "స్పానిష్ మాట్లాడే మనిషి ఒకరు నాకు తెలుసు" అంటే మనిషి కళ్ల ముందే ఉన్నారు, "కె ఆబ్లా". మన క్రియలో ఈ తేడా కనబడదు, రెండు చోట్లా "మాట్లాడే" అనే అంటాం. కానీ "ఎవరైనా", "ఏదైనా" అన్న మాట మనసులో వస్తే సబ్‌జంక్టివ్ అని గుర్తుపెట్టుకోవచ్చు.

*6. దీవెనలు, ఆశలు*

స్పానిష్‌లో దీవెనలు చాలావరకు 'కె'తో మొదలవుతాయి. నిద్రపోబోయేవారితో "కె దెస్కాన్సెస్" (హాయిగా విశ్రాంతి తీసుకో) అంటారు. జబ్బుపడినవారితో "కె తె మెహోరెస్" (త్వరగా కోలుకోవాలి) అంటారు. స్పెయిన్‌లో భోంచేస్తున్నవారిని చూసి "కె ఆప్రోవెచె" అంటారు, తిన్నది ఒంటికి పట్టాలని.

"ఓహాలా" అనే మాట ఇంకొకటి ఉంది. "దేవుడి దయవల్ల అలా జరగాలి" అన్నప్పుడు వాడతారు. ఐబీరియాలో 711 నుంచి 1492 దాకా ఏదో ఒక భాగంలో సాగిన ముస్లిం పాలనలో అరబ్బీ నుంచి వచ్చిన మాట ఇది. "అల్లా తలిస్తే" అన్నది దాని మూలార్థం. "ఇన్షా అల్లా" అనే పలుకుబడి మన ఊళ్లలో తెలియనిది కాదు కాబట్టి, ఆ బంధుత్వం చెబితే పిల్లలకు చప్పున గుర్తుంటుంది. ఓహాలా తర్వాత ఎప్పుడూ సబ్‌జంక్టివే: "ఓహాలా యెగె" (అతను వస్తే బాగుండు, రావాలి దేవుడా).

*7. "కోసం", "రాగానే"*

"పారా కె" అంటే ఫలానా పని జరగాలని. "నీకు అర్థం కావాలని నెమ్మదిగా మాట్లాడుతున్నాను": "ఆబ్లో దెస్పాసియో పారా కె కోంప్రెందాస్". ఇక "కువాందో" (అప్పుడు, రాగానే) తర్వాత ఇంకా జరగని పని చెబితే సబ్‌జంక్టివ్ రావాలి. "ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యి": "కువాందో యెగెస్ ఆ కాసా, యామా". రోజూ జరిగేదైతే మామూలు రూపమే. "నేను ఇల్లు చేరగానే తింటాను": "కువాందో యెగో ఆ కాసా, కోమో".

చుట్టుపక్కల భాషలూ సాయమే

మన ఇళ్లలో తెలుగుతోపాటు ఇంకో భాష ఉండనే ఉంటుంది. "అతను రావాలని కోరిక" అనే మాటను ఒక్కో చోట ఎలా అంటారో చూడండి.

తమిళంలో "అవన్ వరణుమ్‌ను ఆశై". కన్నడంలో "అవను బరలి అంత ఆసె". ఒడియాలో "సే ఆసు బోలి" అని చెప్పి కోరిక చేరుస్తారు. మరాఠీలో "త్యానే యావం అసం మలా వాటతం". హిందీలో "మై చాహతా హూఁ కి వహ్ ఆయే".

అన్నిటిలోనూ "వస్తాడు" అనే రూపం కాకుండా వేరే రూపం వచ్చింది. కన్నడంలో "బరలి", మరాఠీలో "యావం", హిందీలో "ఆయే" స్పానిష్ రూపానికి మరీ దగ్గర. హిందీలో 'కి' కూడా స్పానిష్ 'కె' లాగే ముందే వస్తుంది. "చాహతా హూఁ కి ఆయే", "కియెరో కె యెగె" అని రెండూ కలిపి పైకి చదివితే వరస ఇట్టే పట్టుబడుతుంది. యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన సాగింది. ఆ కాలం బడుల్లో ఫ్రెంచి చదివిన పెద్దలు ఇంట్లో ఉంటే ఇంకా మేలు. లాటిన్ నుంచి పుట్టిన ఈ రెండు భాషల్లోనూ సబ్‌జంక్టివ్ ఉంది, 'కె' కూడా రెండింటికీ ఉమ్మడి సొత్తే.

తెలుగు దారి తప్పించే చోట్లు మూడు

మన భాషను గుడ్డిగా నమ్మినా ఇబ్బందే. ఈ మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది: కోరేదీ చేసేదీ ఒకరే అయితే సబ్‌జంక్టివ్ రాదు. "నాకు చదవాలని ఉంది" అన్నప్పుడు మనం 'ఆలని' వాడతాం. స్పానిష్‌లో మాత్రం 'కె' లేకుండా మూల క్రియ వాడతారు: "కియెరో ఎస్తూదియార్". కాబట్టి 'ఆలని' కనబడగానే "ఎవరు కోరుతున్నారు? ఎవరు చెయ్యాలి?" అని అడగాలి. ఇద్దరు వేరైతేనే సబ్‌జంక్టివ్.

రెండోది: "వస్తే", "తింటే" వంటి షరతులు. రావచ్చు, రాకపోవచ్చు కాబట్టి ఇక్కడా సబ్‌జంక్టివ్ అని అనిపిస్తుంది. కాదు. 'సి' (అయితే) అనే మాట తర్వాత వర్తమాన సబ్‌జంక్టివ్ రాదు. "అతను వస్తే" అంటే "సి యెగా".

మూడోది: సంతోషం, బాధ చెప్పే వాక్యాలు. "నువ్వు దగ్గర్లోనే ఉంటున్నావని సంతోషంగా ఉంది" అన్నప్పుడు ఉండటం నిజమే, మనం మామూలు క్రియే వాడతాం. స్పానిష్‌లో ఆ నిజం మీద మన మనసు ఎలా స్పందించిందన్నది ముఖ్యం, అందుకే సబ్‌జంక్టివ్: "మె ఆలెగ్రా కె బీవాస్ సెర్కా". ఈ ఒక్కదానికి తెలుగు గుర్తు లేదు, నేర్చుకోవాల్సిందే.

ఇక నియమం తప్పే క్రియల సంగతి. పూర్తిగా దారి తప్పేవి ఆరే: సెర్, ఎస్తార్, ఈర్, దార్, సాబెర్, ఆబెర్. వీటిని పట్టుకోవడం తేలిక, వీటి "నేను" రూపాలు 'ఓ'తో ముగియవు. "నేను" రూపంలోనే కొంచెం వంకర పోయే తెనెర్ (తెంగో) వంటివి పై మూడడుగుల్లోనే వస్తాయి: తెంగో, తెంగ్, తెంగా. లోపలి అచ్చు మార్చుకునే క్రియలకు మాత్రం వేరే పాఠం కావాలి.

ఇంట్లో సాధన

ఈ సాధనకు స్పానిష్ రాని అమ్మమ్మ, తాతయ్య కూడా కూర్చోవచ్చు. పెద్దలు తెలుగు వాక్యం చెప్పాలి. పిల్లలు ముందు అది ఏ గుర్తో చెప్పి, తర్వాత స్పానిష్‌లోకి మార్చాలి. మొదలుపెట్టడానికి ఆరు వాక్యాలు ఇస్తున్నాం.

1. తెలుగు మాట్లాడదాం.
2. నువ్వు నీళ్లు తాగాలని అమ్మ కోరిక.
3. తలుపు తియ్యండి.
4. అతను ఇల్లు అమ్ముతాడనుకోను.
5. నాకు స్పానిష్ నేర్చుకోవాలని ఉంది.
6. అతను ఆలస్యంగా వస్తే మేం తినేస్తాం.

జవాబులు:

1. ఆబ్లెమోస్ తెలుగు. (దాం)
2. మామా కియెరె కె తోమెస్ ఆగ్వా. (కోరేది అమ్మ, తాగేది నువ్వు)
3. ఆబ్రా లా పుఎర్తా. (మూల క్రియ ఆబ్రీర్, గౌరవంగా 'అండి')
4. నో క్రెయో కె బెందా లా కాసా. (మూల క్రియ బెందెర్, అనుకోను)
5. కియెరో ఆప్రెందెర్ ఎస్పాన్యోల్. (ఒకరే కాబట్టి సబ్‌జంక్టివ్ లేదు)
6. సి యెగా తార్దె, కోమెమోస్. (షరతు కాబట్టి మామూలు రూపం)

ఐదు, ఆరు వాక్యాలు కావాలనే కలిపాం. మొదటి నాలుగూ తప్పుల్లేకుండా చెప్పి ఈ రెండింటి దగ్గర బోల్తాపడటం మామూలే. అక్కడ ఆగి "ఎవరు కోరుతున్నారు, ఎవరు చెయ్యాలి" అన్న ప్రశ్న మళ్లీ వేయించండి. ఆ తర్వాత వాక్యాలు మీ ఇంట్లో రోజూ వినబడే మాటల్లోంచే ఎంచుకోండి: తొందరగా రమ్మను, చేతులు కడుక్కోండి, అక్కడ పరుగెత్తకు, ఎవరైనా సాయం చేస్తారేమో చూడు. పాఠానికి కావాల్సిన ఉదాహరణలన్నీ వంటింట్లోనే దొరుకుతాయి.